అమ్మతో మొదలై ఊరిదాకా.. షుగరును లెక్కగట్టిన డాక్టర్ జోస్లిన్

ఒక చిన్న ఊరు. ఊళ్లో అందరూ మెచ్చుకునే విశాలమైన వీధి. ఆ వీధిలో పక్కపక్కనే మూడు ఇళ్లు. ఒకరి తర్వాత ఒకరుగా ఆ ఇళ్లలో కాపురమున్న కుటుంబ పెద్దలు ఏడుగురు. నలుగురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు. ఆ ఏడుగురిలో ఆరుగురి ప్రాణం తీసింది ఒకే జబ్బు. మధుమేహం.

1921లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ సంగతి రాసింది బోస్టన్ డాక్టర్ ఎలియట్ ప్రోక్టర్ జోస్లిన్. ఊరి పేరు రాయలేదు గానీ అది ఆయన సొంతూరు ఆక్స్‌ఫర్డేనని తర్వాతివారు భావించారు. ఇంగ్లండ్‌లో యూనివర్సిటీ ఉన్న ఆక్స్‌ఫర్డ్ కాదిది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న చిన్న ఊరు. ఇవే చావులు టైఫాయిడ్‌తోనో, స్కార్లెట్ ఫీవర్‌తోనో జరిగి ఉంటే ఆరోగ్యశాఖ పరుగున వచ్చి బావి నీళ్లు, పాలు, మురుగు కాలువలు అన్నీ పరీక్షించేది. షుగరు కాబట్టి ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. అంటురోగాన్ని వెతికినట్టుగా షుగరునూ ఎందుకు వెతకకూడదన్నది ఆయన వాదన.

ఇవాళ మన పల్లెల్లో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నడుం చుట్టుకొలత రాసుకుంటోంది. ఉపకేంద్రంలో నర్సు వేలి చివర సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తోంది. ఒంట్లో బాగానే ఉన్నవాళ్లకు కూడా పరీక్ష చేయాలన్న ఈ ఆలోచన కోసం జీవితమంతా వాదించిన తొలితరం డాక్టర్లలో జోస్లిన్ ముఖ్యుడు.

చెప్పుల వ్యాపారి కొడుకు

జోస్లిన్ 1869 జూన్ 6న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రిది చెప్పుల తయారీ వ్యాపారం, కలిగిన కుటుంబం. కొడుకు మాత్రం వ్యాపారం వైపు వెళ్లలేదు. యేల్ కళాశాలలో డిగ్రీ, హార్వర్డ్‌లో వైద్యవిద్య చదివి 1895లో డాక్టరయ్యారు. విద్యార్థిగా ఉండగానే మధుమేహం మీద రాసిన వ్యాసానికి బహుమతి అందుకున్నారు.

1893లో బోస్టన్‌లోని ఒక పెద్ద ఆస్పత్రిలో శిక్షణ పొందుతున్నప్పుడు మధుమేహంతో చిక్కి శల్యమైన ఒక యువతిని చూశారు. ఆమె వివరాలన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నారు. ఏం తింటోంది, ఎంత బరువుంది, మూత్రంలో చక్కెర ఎంత పోతోంది.. అన్నీ. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం రాసినట్టుగా మొదలైన ఆ రాత దాదాపు డెబ్బై ఏళ్లు ఆగలేదు. తన దగ్గరికి వచ్చిన ప్రతి మధుమేహ రోగికీ ఆయన ఒక లెక్క రాశారు. రోగి మళ్లీ రాకపోతే ఉత్తరం రాసి ఆరా తీసేవారు. చనిపోతే ఏ వయసులో, దేనివల్ల అన్నది కూడా ఆ లెక్కలోకి ఎక్కేది.

అప్పట్లో మధుమేహానికంటూ ప్రత్యేక వైద్యుడు ఉండాలన్న ఆలోచనే లేదు. నయం కాని జబ్బు, పైగా అరుదుగా వచ్చే జబ్బు అనుకునేవారు. అలాంటి దానికి జీవితాన్ని అంకితం చేయడమేమిటని తోటి డాక్టర్లకు వింతగా ఉండేది.

ఇంట్లోనే రోగి

జోస్లిన్ పట్టుదలకు ఇంట్లోనూ కారణముంది. ఆయన దగ్గరి బంధువొకరికి షుగరు. 1900 ప్రాంతంలో తల్లి శారాకూ అదే జబ్బు బయటపడింది. ఇన్సులిన్ రావడానికి ఇంకా ఇరవై ఏళ్లకు పైగానే ఉంది. వైద్యుడైన కొడుకు చేతిలో ఉన్నవి రెండే. కంచంలో ఏం ఉండాలో చెప్పడం, రోజూ కాస్త నడిపించడం.

ఆమె ఆ రెండూ శ్రద్ధగా పాటించారు. జబ్బు బయటపడ్డాక పదేళ్లకు పైగా జీవించారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. పిల్లలకొచ్చే షుగరు నెలల్లోనే ప్రాణం తీస్తుంటే, పెద్ద వయసులో వచ్చే షుగరును ముందే గుర్తిస్తే, తిండిని అదుపులో పెడితే ఏళ్ల తరబడి నిలవవచ్చని తల్లిని చూసే ఆయనకు అర్థమైంది. పెద్దవాళ్ల షుగరు నెమ్మదిగా వస్తుంది, చాలాకాలం చప్పుడు చేయకుండా ఉంటుంది. కాబట్టి చప్పుడు చేసేదాకా ఆగకూడదు. తర్వాతి కాలంలో ఆయన చేసిన వాదనలన్నిటికీ వేరు ఇక్కడే ఉంది.

ఆకలితో వైద్యం

బోస్టన్‌లోనే ఉన్న కార్నెగీ పోషకాహార పరిశోధనశాలలో ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ అనే శాస్త్రవేత్తతో కలిసి జోస్లిన్ మధుమేహుల జీవక్రియను కొలిచారు. తిన్నది శక్తిగా ఎలా మారుతోంది, ఎంత వృథాగా పోతోందన్నది కొలతలతో తేల్చే ప్రయత్నం అది. 1910, 1912లలో ఇద్దరూ కలిసి ఆ ఫలితాలను ప్రచురించారు.

ఆ తర్వాత న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫ్రెడరిక్ అలెన్ ఒక కఠినమైన పద్ధతి తెచ్చారు. మూత్రంలో చక్కెర పోయేదాకా రోగిని పస్తు పెట్టడం, ఆ తర్వాత కొద్దికొద్దిగా తిండి పెంచడం. జోస్లిన్ కూడా దాన్నే అనుసరించారు. పెద్దవాళ్లకు మేలు జరిగింది. పిల్లల విషయంలో మాత్రం అది గుండె తరుక్కుపోయే వైద్యం. పస్తు పెడితే కొన్ని నెలలో, ఏడాదో ఎక్కువ బతుకుతారు. కానీ ఎముకల గూడులా మారి బతుకుతారు. తిండి పెడితే త్వరగా పోతారు. తల్లిదండ్రుల కళ్లలోకి చూస్తూ ఆ మాట చెప్పాల్సింది డాక్టరే.

1916లో తన సొంత రోగులు వెయ్యి మంది లెక్కల ఆధారంగా జోస్లిన్ మధుమేహ వైద్యంపై పెద్ద గ్రంథం ప్రచురించారు. రెండేళ్లకు, 1918లో రోగులే చదువుకునేలా ఒక చిన్న పుస్తకం రాశారు. రోగికి జబ్బు గురించి అన్నీ చెప్పకూడదని డాక్టర్లు భావించే కాలంలో ఇది సాహసమే.

ఇన్సులిన్ వచ్చాక..

1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీశారు. 1922 ఆగస్టులో అది జోస్లిన్ చేతికొచ్చింది. ఆయన దగ్గర మొదటి సూది వేయించుకున్నది ఒక నర్సు. పస్తుల వైద్యంతో లేచి నడవలేని స్థితికి చేరిన ఆమె కొన్ని వారాల్లోనే కోలుకుని వీధిలో నడిచారు.

అందరూ ఇక జబ్బు తీరిపోయిందనుకున్నారు. జోస్లిన్ అనుకోలేదు. సూది ఎంత వేసుకోవాలి, ఎప్పుడు తినాలి, చక్కెర పడిపోతే ఏం చేయాలి.. ఇవన్నీ రోగికే తెలియాలి. అందుకే ఆయన నర్సులకు ప్రత్యేక శిక్షణ ఇచ్చి రోగుల ఇళ్లకు పంపారు. ఇవాళ మనం డయాబెటిస్ ఎడ్యుకేటర్ అంటున్నవారికి వాళ్లే పూర్వీకులు. ఆస్పత్రిలో రోగులను కూర్చోబెట్టి బడి పిల్లలకు చెప్పినట్టు పాఠాలు చెప్పేవారు. నీలిరంగు ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం వేసి కాచి, రంగు ఆకుపచ్చకు తిరిగిందా, ఇటుక రంగుకు తిరిగిందా అని చూసుకోవడం నేర్పేవారు. మన ఇళ్లలోనూ తాతల తరం వాళ్లకు ఆ పరీక్షనాళిక, స్పిరిట్ దీపం గుర్తుండే ఉంటాయి.

తిండి, ఇన్సులిన్, వ్యాయామం.. ఈ మూడింటినీ ఆయన ఒకే రథానికి కట్టిన మూడు గుర్రాలతో పోల్చేవారు. ఏ ఒక్కటి మొరాయించినా బండి దారి తప్పుతుంది. ఆ గుర్రాలను తోలాల్సింది డాక్టరు కాదు, రోగే.

బతికినవారికి కొత్త చిక్కులు

ఇన్సులిన్‌తో ఆయుష్షు పెరిగింది. దాంతోపాటే కొత్త బాధలు బయటపడ్డాయి. కళ్లు మసకబారడం, కిడ్నీలు పాడవడం, గుండెజబ్బులు, కాలి పుళ్లు. ముఖ్యంగా వయసు మళ్లినవారిలో కాలి వేలు నల్లబడి, చివరకు కాలే తీసేయాల్సి రావడం. కాలు కుళ్లడం రాసిపెట్టి ఉన్న గీత కాదని, చాలావరకు అశ్రద్ధ వల్ల వచ్చేదని జోస్లిన్ నమ్మారు. వైద్యులు, శస్త్రచికిత్స నిపుణులు, నర్సులు కలిసి పనిచేసేలా ఏర్పాటు చేశారు. రోజూ పాదాలు చూసుకోవడం, చెప్పులు లేకుండా నడవకపోవడం, గోళ్లు జాగ్రత్తగా తీయడం పాఠాల్లో భాగమయ్యాయి.

ఆ చేంతాడంత ఖాతా పుస్తకాలు ఇప్పుడు పనికొచ్చాయి. మెట్రొపాలిటన్ జీవిత బీమా కంపెనీ గణాంక నిపుణులతో కలిసి వేలాది రోగుల వివరాలను విశ్లేషించారు. ఎవరు ఎక్కువకాలం బతికారు, ఎవరికి ఏ వయసులో ఏ చిక్కు వచ్చిందన్నది తేలింది. మధుమేహం ప్రధానంగా నడివయసు దాటినవారి జబ్బని, ఊబకాయం దానికి పెద్ద దగ్గరి దారని ఆయన లెక్కలు మళ్లీమళ్లీ చూపించాయి.

1940లో ఆయన అరిజోనా రాష్ట్రంలో చేసిన సర్వేను ప్రచురించారు. అక్కడి మూలవాసులైన అమెరికన్ ఇండియన్లలోనూ షుగరు దాదాపు మిగతావారిలో ఉన్నంతే ఉందని అందులో తేల్చారు. ఆ తర్వాత పరిస్థితి వేగంగా మారింది. 1960ల నుంచి అరిజోనాలోని పీమా తెగవారిని క్రమం తప్పకుండా పరీక్షించిన శాస్త్రవేత్తలు, ప్రపంచంలోనే అతి ఎక్కువ మధుమేహం ఉన్న సమాజాల్లో అదొకటని గుర్తించారు. ఒంటి శ్రమ, పాత తిండి తగ్గిపోతే పల్లె జనానికి కూడా రక్షణ ఉండదని ఆ అనుభవం చెప్పింది.

ఊరంతటికీ పరీక్ష

రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. జోస్లిన్‌కు 1946లో 77 ఏళ్లు నిండాయి. పాతికేళ్ల కిందట ఆయన అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు దొరికే రోజొచ్చింది. 1946-47లో అమెరికా ప్రజారోగ్య శాఖ ఒక ఊరిని ఎంచుకుని, జబ్బుందా లేదా అన్నదానితో పనిలేకుండా జనానికి షుగరు పరీక్షలు చేసింది. ఎంచుకున్న ఊరు మరేదో కాదు. ఆక్స్‌ఫర్డ్. జోస్లిన్ పుట్టిన ఊరే.

ఊరి జనాభా ఐదు వేలకు కాస్త తక్కువ. పరీక్షకు ముందుకొచ్చినవారు 3,516 మంది. అంటే ప్రతి పది మందిలో ఏడుగురు. మూత్రంతో పాటు రక్తం కూడా పరీక్షించారు. విల్కర్సన్, క్రాల్ అనే ఇద్దరు వైద్యులు 1947లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం 70 మందికి మధుమేహం ఉంది. వారిలో 40 మందికి ముందే తెలుసు. మిగతా 30 మందికి ఆ పరీక్ష చేసేదాకా తెలియనే తెలియదు. పొలం పనులు, మిల్లు పనులు, ఇంటి పనులు చేసుకుంటూ తమకేం జబ్బు లేదనుకుంటున్నవాళ్లు వాళ్లంతా.

తెలిసినవారు నలుగురుంటే, తెలియనివారు ముగ్గురు. ఈ ఒక్క నిష్పత్తి అమెరికాను కుదిపింది. దేశమంతటా లెక్కేస్తే ఎన్ని లక్షల మంది తెలియకుండానే షుగరుతో తిరుగుతున్నారో అంచనాకు వచ్చింది. 1948లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దేశవ్యాప్తంగా మధుమేహ గుర్తింపు వారం మొదలుపెట్టింది.

ఆ 30 మందిలో ఒక్కొక్కరి స్థానంలో ఆయనకు ఎవరు కనిపించి ఉంటారో ఊహించడం కష్టం కాదు. అదే ఊరు. అవే వీధులు. ఆ మూడిళ్లలో ఉన్నవారికి ఎవరూ ఇలా ముందుగా పరీక్ష చేయలేదు.

చివరిదాకా ఓపీలోనే

1940లలో ఆయన మాటను చాలామంది డాక్టర్లు వినలేదు. చక్కెరను అంత కట్టుదిట్టంగా ఉంచాల్సిన పనిలేదని, ఇష్టమొచ్చింది తిని ఇన్సులిన్ వేసుకుంటే చాలని వాదించారు. జోస్లిన్‌ను పాతకాలపు చాదస్తుడిగా చూశారు. ఆయన మెత్తబడలేదు. షుగరును 25 ఏళ్లు అదుపులో ఉంచుకుని ఏ చిక్కూ లేకుండా ఉన్నవారికి పతకాలు ఇచ్చే ఏర్పాటు చేశారు. వాళ్లే తన సాక్ష్యమన్నది ఆయన ధీమా.

1956లో బోస్టన్‌లో ఆయన పేరుతో సొంత క్లినిక్ భవనం తెరుచుకుంది. 90 దాటాక కూడా ఆయన రోగులను చూస్తూనే ఉన్నారు. 1962 జనవరి 28న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

వివాదం తేలింది మాత్రం 1993లో. అమెరికా, కెనడాల్లో టైప్-1 మధుమేహులపై దాదాపు పదేళ్లు సాగిన డీసీసీటీ అధ్యయనం, చక్కెరను గట్టిగా అదుపులో పెడితే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని తేల్చింది. 1998లో బ్రిటన్ అధ్యయనం టైప్-2 విషయంలోనూ అదే దారి చూపింది. ఆయన పోయిన మూడు దశాబ్దాలకు చాదస్తం శాస్త్రమైంది.

అయితే ఆయన చెప్పిందంతా అక్షరాలా నేటికీ వర్తిస్తుందని కాదు. 2008లో వెలువడిన అకార్డ్ అధ్యయనంలో, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న పెద్ద వయసువారికి చక్కెరను మరీ కిందికి దించితే మరణాలు పెరిగాయి. అందుకే ఇవాళ డాక్టర్లు 75 ఏళ్ల బలహీనమైన పెద్దాయనకూ, 50 ఏళ్ల ఆరోగ్యవంతుడికీ ఒకే లక్ష్యం పెట్టరు. ఇంకో సంగతి. 2012లో వచ్చిన ఇంగ్లండ్ అధ్యయనంలో, ఒక్కసారి పరీక్షకు పిలిచినంత మాత్రాన పదేళ్లలో మరణాలు తగ్గలేదు. జబ్బును కనిపెట్టడం సగం పనే. ఆ తర్వాత మందు, తిండి, నడక, మళ్లీ పరీక్ష.. ఇవన్నీ నడిస్తేనే ఫలితం. తిరిగి రాని రోగికి ఉత్తరం రాసిన జోస్లిన్‌కు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

మన అమ్మానాన్నల సంగతేంటి?

పల్లెలో ఉన్నారు, మంచి గాలి, ఇంటి కూరగాయలు, వాళ్లకు షుగరేమిటని అనుకుంటాం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయి. మధుమేహం పట్నాల్లో ఎక్కువే. ముందు దశ విషయంలో మాత్రం పల్లెకూ పట్నానికీ తేడా దాదాపు లేదు. అంటే రేపటి రోగులు ఊళ్లలోనూ సిద్ధంగా ఉన్నారు.

మనదేశంలో 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఉపకేంద్రాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు పరీక్షలు ఉచితంగా చేస్తారు. పండక్కి ఊరెళ్లినప్పుడు ఈ కింది విషయాలు చూసుకోండి.

• పరగడుపున రక్తంలో గ్లూకోజు 126 మిల్లీగ్రాములు, అంతకన్నా ఎక్కువుంటే మధుమేహం కావచ్చు. 100 నుంచి 125 మధ్య ఉంటే ముందు దశ. ఒక్క పరీక్షతో తేల్చేయకుండా మరోసారి చేయించి నిర్ధారించుకోవాలి.

• మూత్ర పరీక్ష ఒక్కదాన్నే నమ్మవద్దు. వయసు పెరిగేకొద్దీ రక్తంలో చక్కెర బాగా పెరిగితే గానీ మూత్రంలోకి రాదు.

• మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం. కానీ రక్తహీనత ఉన్నవారిలో ఈ పరీక్ష తప్పు చూపవచ్చు. ఆ విషయం డాక్టరుకు చెప్పాలి.

• నడుం చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. మనిషి సన్నగానే ఉన్నా పొట్ట ముందుకొస్తే లెక్కలోకి తీసుకోవాలి.

• షుగరుతో పాటు బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీ పనితీరు కూడా చూడాలి. షుగరు ఉందని తేలితే ఏడాదికోసారి కంటి రెటీనా, పాదాల పరీక్ష తప్పనిసరి.

• ఇప్పటికే మాత్రలు వేసుకుంటున్న పెద్దవారికి చెమటలు, వణుకు, తికమక వస్తుంటే చక్కెర పడిపోతోందేమో చూడాలి. మోతాదు మార్చాలేమో డాక్టరును అడగాలి. సొంతంగా మాత్రలు ఆపేయవద్దు.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక చిన్న నోటు పుస్తకం కొనిపెట్టండి. తేదీ, పరగడుపు షుగరు, బీపీ, బరువు. నాలుగే గడులు. చదువు రాకపోతే పక్కింటి పిల్లవాడు రాసిపెడతాడు. వారానికోసారి ఫోన్ చేసినప్పుడు ఆ అంకెలు అడగండి. జోస్లిన్ వాడిన పరికరాల్లో అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా ఎక్కువకాలం నిలిచిందీ ఆ పుస్తకమే.